ఓటరు లేని పార్లమెంటు స్థానము

1952వ సంవత్సరమున కొలువుదీరిన మొదటి లోక్‌సభలో 499 మంది సభ్యులుండిరి. వారిలో 489 మంది ప్రజల ఓట్లచే గెలిచి వచ్చినవారు కాగా, తక్కిన పదిమందిని రాష్ట్రపతి నియోగించెను. ఈ పదిమందిలో ఆరుగురు జమ్మూ కాశ్మీరమునకును, ఇద్దరు ఆంగ్లో ఇండియనులకును, ఒకరు అస్సామునందలి గిరిజన ప్రాంతమునకును ప్రతినిధులు. మిగిలిన యొక్కరు, చెన్నపట్టణమునకును కలకత్తాకును గూడ వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున, బంగాళాఖాతపు తూర్పుటంచున చెదరియున్న అండమాన్ నికోబార్ ద్వీపములకు ప్రతినిధి. ఆయన పేరు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. అప్పటికి అరువది యెనిమిదేండ్ల వృద్ధుడు. ఆయనను ఎవ్వరును ఎన్నుకొనలేదు. ఆయనపై ఎవ్వరును పోటీచేయలేదు. ఆ ద్వీపములలో ఓటరుల జాబితా యనునదియే లేదు.

అదే సభలో విశాఖపట్టణపు ద్విసభ్య నియోజకవర్గమునుండి లంకా సుందరముగారితో బాటు గెలిచి వచ్చిన గాము మల్లుదొర యను సభ్యుడొకడుండెను. అల్లూరి సీతారామరాజు అనుచరులలో ముఖ్యుడును, గాము గంటందొరకు సోదరుడును అయిన యీ మన్యపు వీరుడు 1923లో పట్టుబడి, అండమానునకు ప్రవాసశిక్షపై పంపబడి, ఆ సెల్యులర్ జైలునందు తన యౌవనమును గడిపి, 1937లో విడుదలయ్యెను. కాలాపానీ యని దేశమంతయు భయపడిన ఆ దీవులను ఖైదీగా చూచివచ్చినవాడు ప్రజల ఓటుతో సభలో కూర్చుండగా, ఆ దీవులందే పుట్టి పెరిగి ముదిసినవాడు ఏ ఓటు నవసరము లేకయే పక్కవరుసలలో నెక్కడనో కూర్చుండుట, మన పార్లమెంటు చరిత్రలో నాకు మిక్కిలి విచిత్రముగ దోచిన ఘట్టము. ఈ రెండవ తీరు ప్రాతినిధ్యము, అనగా ఎన్నిక లేక నియోగముతో నిండిన లోక్‌సభ స్థానము, అండమానులకు 1952 మొదలు 1967 వరకు, పదునైదేండ్లు మాత్రమే నిలిచెను. స్వతంత్ర భారతమున జరిగినదే యైనను దాని వేళ్ళు మాత్రము తెల్లదొరల పాలనలోనే యున్నవి; అందుచే కథను అక్కడనుండియే యెత్తుకొనవలసియున్నది.

అండమానులలో బ్రిటిషువారు రెండుమారులు కాపురము పెట్టిరి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నెలకొల్పిన మొదటి కాపురము రోగములధాటికి తాళలేక 1796లో ఎత్తివేయబడెను. 1857నాటి తిరుగుబాటు అణచివేయబడిన పిమ్మట, పట్టుబడినవారిని దేశముననే యుంచుట ప్రమాదమని భావించిన ప్రభుత్వము, 1858 మార్చి 10వ తేదీన డాక్టరు జె. పి. వాకర్ అను నధికారి వెంట 200 మంది ఖైదీలను పోర్ట్ బ్లెయిరులో దింపెను. 1869లో నికోబారు దీవులును వారి వశమయ్యెను. 1872లో రెండును ఒక చీఫ్ కమిషనరు క్రిందికి తేబడెను. ఆ యేడే ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో, దీవులను చూడవచ్చి, హోప్ టౌను రేవుకడ షేర్ అలీ అఫ్రీదీ యను ఖైదీ కత్తిపోటునకు బలియైనందున, ఆ పాలన మరింత కఠినమగుట వింతగాదు. 1876లో దీవులకు ప్రత్యేకమైన రెగ్యులేషను పుట్టెను. చీఫ్ కమిషనరే ఖైదీల కాపురమునకు సూపరింటెండెంటు. పన్ను విధించువాడును, తీర్పు చెప్పువాడును, ఎవరు ఓడ దిగవచ్చునో ఎవరు దిగరాదో నిర్ణయించువాడును ఆయనయే. శాసనములు చేయుటకు సభయుండవలెనన్న తలంపునకే అక్కడ తావులేదు.

అయినను, జైలు గోడలకు వెలుపల అక్కడ ఒక సంఘము పుట్టకపోలేదు. కొన్నియేండ్లు క్రమశిక్షణతో మెలగిన ఖైదీకి స్వయంపోషకుడన్న హోదా యిచ్చి, ఇంత నేల చూపి, ఆడఖైదీలలో నొకతెను పెండ్లాడి కాపురము చేసికొనుటకు అనుమతించువారు. అట్టివారి బిడ్డలు పెరిగి పెద్దవారై, తమ తాతలు ఏ ఊరివారో, ఏ కులమువారో పట్టించుకొనకుండ, హిందూస్తానీయే మాతృభాషగా జీవించు నొక కొత్త జాతిగా ఏర్పడిరి. వారిని నేటికిని అక్కడ లోకల్ బార్న్ అనియే పిలుతురు. 1921నాటి మలబారు తిరుగుబాటు పిమ్మట మాప్పిళ్ళలు తేబడిరి. ఉత్తరాదినుండి భంటూలు, బర్మానుండి కరెనులు, అడవిపనులకు రాంచీ ప్రాంతపు గిరిజనులు వచ్చిరి. 1901లో దీవుల జనసంఖ్య 24,649. అడవులను నమ్ముకొనియున్న అండమాను ఆదిమజాతులును, కొబ్బరితోటల నడుమ తమ పెద్దల ఏలుబడిలో నున్న నికోబారీలును వీరికి వేరు. ఇందరున్నను నేల సర్కారుదే. దున్నుకొనువాని చేత నున్నది అనుమతిపత్రము మాత్రమే. ఆ కాలమున ఓటుహక్కు శిస్తును బట్టియు ఆదాయమును బట్టియు సంక్రమించునది గనుక, భూమిపై స్వామ్యమే లేనివానికి ఓటు నడుగుటకు ఆధారమే లేకపోయెను.

ఇదే సమయమున ఇవతలి యొడ్డున ఏమి జరుగుచుండెనో చూతము. 1919నాటి మాంటేగు చెమ్స్‌ఫర్డు సంస్కరణలచే ఢిల్లీలో కేంద్ర శాసనసభ యేర్పడెను. 145 స్థానములు గల ఆ సభలో 104 ఎన్నికతోడను, 41 నియోగముతోడను నిండునవి. మద్రాసు రాష్ట్రమునకు లభించిన యెన్నిక స్థానములలో ఒకటి, నోరు తిరుగుటకే కష్టమైన పేరుగలది: గంజాం విశాఖపట్టణం ముస్లిమేతర గ్రామీణ నియోజకవర్గము. 1920 నవంబరులో తొలి యెన్నిక జరుగగా, సహాయనిరాకరణమున నున్న కాంగ్రెసు దానిని బహిష్కరించెను. పిమ్మటి సంవత్సరములలో ఆ స్థానమునుండి భూపతిరాజు వెంకటపతిరాజుగారును, బరంపురమున పేరొందిన న్యాయవాది వరాహగిరి వెంకట జోగయ్య పంతులుగారును సభకు వెళ్ళిరి. 1934లో జోగయ్యగారి కుమారుడే, తరువాతికాలమున రాష్ట్రపతియైన వి. వి. గిరిగారు, తండ్రి కూర్చుండిన స్థానమునకే యెన్నికయ్యెను. ఒరిస్సా సరిహద్దునుండి విశాఖ దక్షిణపు కొసవరకు వ్యాపించిన ఆ నియోజకవర్గపు నేల 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడుటతో రెండు రాష్ట్రముల మధ్య చీలిపోయెను. 1945లో కేంద్ర శాసనసభకు చివరి యెన్నిక జరిగెను. 1947తో సభయే అంతరించెను. నిండ ముప్పదియేండ్లైనను బ్రతుకని నియోజకవర్గమది.

అంతటి విశాలమైన మండలమున ఓటరులెందరని యడుగవచ్చును. 1920లో బ్రిటిషు ఇండియా యంతటను గలిపి కేంద్ర శాసనసభకు ఓటున్నవారు పదిలక్షలకు లోపే యన్నచో, ఇక్కడి సంగతి వేరుగ జెప్పనక్కరలేదు. జమీందారులు, వకీళ్ళు, శిస్తు బాగుగ కట్టు రైతులు, వర్తకులు, అంతియే. భీమునిపట్టణమునుండి బారువ వరకు నున్న ఒడ్డున తెప్పలు వేయు జాలరివానికి పట్టా లేదు, శిస్తు లేదు, గనుక ఓటును లేదు. తీరము సంగతి యిట్లుండగా కొండల సంగతి మరింత వేరు. గంజాం, విశాఖపట్టణ మన్యములు 1839నాటి చట్టము చేతనే సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, గవర్నరు ఏజెంటు చేతికి అప్పగింపబడియుండెను. ఏజెన్సీ యన్న పేరు అందువలన వచ్చినదే. 1919 సంస్కరణలందు ఇవి వెనుకబడిన ప్రాంతములని వేరుచేయబడెను. 1935 చట్టమున పాక్షికముగ మినహాయింపబడిన ప్రాంతములన్న మరియొక పేరు తగిలించుకొనెను. పేరు మారినను వైఖరి మారలేదు: అక్కడివారికి శాసనసభ తగదు, దొరయే తగును, అనునదే ఆ వైఖరి.

కనుక 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై సీతారామరాజు దండెత్తినప్పుడు ఆయన వెంట నడిచిన మల్లుదొర, ఓటు లేని గడ్డపై పుట్టి, ఓటు లేని గడ్డకు దేశాంతరగతుడైనాడని చెప్పవలెను. గూడెము కొండలకును అండమానునకును నడుమ సముద్రమున్నను, రెంటిని పాలించిన తర్కమొక్కటే. ఇరుతావులను రెగ్యులేషనులతోడను, అధికారి విచక్షణతోడను ఏలినారు. ఇరుతావుల ప్రజలను గూర్చియు, తమ మేలు తామెరుగనివారని తీర్మానించినారు. నియోజకవర్గముల పటముపై ఈ రెండును ఖాళీస్థలములు.

అండమానులను గూర్చి ఢిల్లీ సభలో మాటలు లేకపోలేదు. 1921 నాటికే జైళ్ళ విచారణసంఘపు సిఫారసు ననుసరించి ప్రవాసశిక్షను క్రమముగా మానవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. కాని 1932 నుండి విప్లవకారులైన రాజకీయఖైదీలను మరల సెల్యులర్ జైలుకు పంపనారంభించుటతో దేశమున గగ్గోలు పుట్టెను. 1933 మే నెలలో జరిగిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా యను మువ్వురు ప్రాణములు గోల్పోయిరి. 1937 జూలైలో మరియొక మహాదీక్ష మొదలిడగా దేశమంతటను సభలు, ఊరేగింపులు జరిగెను, శాసనసభలో ప్రశ్నల వర్షము కురిసెను. 1938 ఆరంభమునకు రాజకీయఖైదీలందరును ప్రధానభూభాగమునకు మరలింపబడిరి. ఇది ప్రజాభిప్రాయము సాధించిన విజయమే, సందేహములేదు. కాని ఆ ప్రశ్నలడిగినవారందరును బెంగాలుకో, మద్రాసుకో, పంజాబుకో ప్రతినిధులు. వారడిగినది తమ రాష్ట్రములనుండి వెళ్ళిన బిడ్డలను గూర్చి. లోకల్ బార్న్ రైతు పొలమునకు పట్టా యేల లేదు, నికోబారీ కొబ్బరికాయకు వర్తకుడిచ్చు ధర యెంత, అన్న ప్రశ్నలను తన పనిగా బెట్టుకొని యడుగవలసిన సభ్యుడు ఆ సభలో లేడు.

1935 చట్టము అండమాన్ నికోబారులను చీఫ్ కమిషనరు రాష్ట్రములలో నొకటిగ బేర్కొనెను. ఢిల్లీ, అజ్మీర్ మేర్వాడా, కూర్గు, బ్రిటిషు బెలూచిస్తాను, పంత్ పిప్లోదా దాని తోడివి. ఆ చట్టము ఊహించిన ఫెడరల్ శాసనసభలో ఢిల్లీకి, అజ్మీరునకు, కూర్గునకు, బెలూచిస్తానునకు స్థానములు కేటాయింపబడినవి, అండమానునకు లేదు. ఆ ఫెడరేషను పుట్టనేలేదు గనుక నష్టమేమియు లేదనవచ్చును. అయితే 1946లో రాజ్యాంగసభ కూర్పు నిర్ణయించునప్పుడును ఆ పాత పద్దే మరల తెరవబడెను: చీఫ్ కమిషనరు రాష్ట్రములకు నాలుగు స్థానములు, ఆ నాలుగును ఢిల్లీ, అజ్మీరు, కూర్గు, బెలూచిస్తానులకే. స్వతంత్రభారత రాజ్యాంగమును వ్రాసినవారిలో ఈ దీవుల పేర మాటాడువాడొక్కడును లేడు.

మధ్యలో యుద్ధము వచ్చెను. 1942 మార్చి 23న జపానుసేనలు పోర్ట్ బ్లెయిరులో దిగి, 1945 అక్టోబరు వరకు దీవులను చేతబెట్టుకొనెను. 1943 డిసెంబరు చివర సుభాష్ చంద్రబోసు అక్కడికి విచ్చేసి, 30వ తేదీన త్రివర్ణపతాకము నెగురవేసి, దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టెను. ఆజాద్ హింద్ ప్రభుత్వము పక్షమున లోగనాథన్ పాలకుడుగ వచ్చెను. కాగితము మీద ఆజాద్ హింద్ అధికారము, వీథిలో జపాను తుపాకి: ఇదియే యథార్థస్థితి. బోసు వెళ్ళిన రెండువారములకే ప్రజాప్రియుడైన డాక్టరు దివాన్ సింగ్ జపానువారి చిత్రహింసలకు జైలులోనే మరణించెను. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది పౌరులు గూఢచారులన్న నెపమున కాల్చివేయబడిరి. ఆకలి, రోగము, నిర్బంధపు చాకిరి మిగిలినవారిని పీల్చిపిప్పి చేసెను. 1941లో 33,768గా నున్న జనాభా 1951లో 30,971కి తగ్గెనన్న యొక్క అంకె ఆ మూడున్నరయేండ్ల చరిత్రను ఏ గ్రంథమునకు దీసిపోకుండ చెప్పుచున్నది.

బ్రిటిషువారు తిరిగివచ్చిన వెంటనే ఖైదీల కాపురము రద్దయ్యెను. అంతటితో అండమాను జైలు కాకుండబోయెను. కాని మరేమి కావలెనన్న ప్రశ్నకు సమాధానము సిద్ధముగ లేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము రాష్ట్రములను ఎ, బి, సి భాగములుగ విభజించి, వీనిలో నెందునను ఇమడని అండమాన్ నికోబారులకొరకే డి యను నాలుగవ భాగము నేర్పరచెను. ఆ భాగమున వేరొక ప్రదేశము లేదు. దానిని రాష్ట్రపతి చీఫ్ కమిషనరు ద్వారా పాలించును. అక్కడికి ఆయన చేసిన రెగ్యులేషనునకు పార్లమెంటు చట్టమునకున్న బలమే యుండును. 1876నాటి మాటయే మరల వినబడుచున్నదని పాఠకుడు గ్రహించియే యుండును. లోక్‌సభలో ప్రాతినిధ్యమెట్లన్నది చట్టసభకే విడిచిపెట్టగా, 1950నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ఆ స్థానమును రాష్ట్రపతి నియోగముతో నింపునట్లు విధించెను.

దీనిని కేవలము అన్యాయమనుట తొందరపాటగును. యుద్ధముచే చితికిన ముప్పదివేలమంది జనము, ఏడెనిమిదివందల కిలోమీటర్ల పొడవున చెదరిన దీవులు, నెలకొకమారు వచ్చునో రాదో తెలియని ఓడ, గ్రామపంచాయతీ యనుభవమైనను లేని ప్రజ, వీనిని చూచి ఢిల్లీలోని యధికారులు జంకియుందురు. కాని ఆ దినములలోనే హిమాచలములోని చినీ తాలూకాలో, మంచుపడి దారులు మూసికొనకముందే, 1951 అక్టోబరులో ఓట్లు వేయించిన ప్రభుత్వమునకు, దేశమున 17 కోట్లమందికి పైగా స్త్రీ పురుషులకు, అందు నూటికి ఎనుబదిమందికి పైగా అక్షరములు రానివారికి, బొమ్మలు చూపి ఓటు నేర్పిన ప్రభుత్వమునకు, అండమాను పనియొక్కటి అసాధ్యమగునా యని నాకు శంక. అసలు సంగతి దూరము గాదు, అలవాటు. నూరేండ్లుగా అధికారి చేతిలో నున్న చోటును అధికారి చేతిలోనే యుంచుట సులభము. నియోగమన్నది అప్పటికే తెలిసిన మార్గము. పాత కేంద్ర శాసనసభలో 41 స్థానములను అట్లే నింపినారుగదా.

ఇక నియోగింపబడిన మనుష్యుని గూర్చి కొంత చెప్పవలెను. ఏలయన అంతటి మనుష్యుని ఏ యెన్నికయైనను తేగలిగియుండునా యనిపించును. జాన్ రిచర్డ్‌సన్ 1884లో కార్ నికోబారున ముస్ గ్రామమున పుట్టెను. పుట్టునాటి పేరు హాచెవ్‌కా. ఆ దీవిలో మతప్రచారకుడును బడిపంతులును అయిన వేదప్పన్ సాలమన్ అను తమిళుడు ఈ బాలుని చురుకుదనము గుర్తించి చేరదీసెను. చదువునకు బర్మాలోని మాండలేకు పంపబడి, తిరిగివచ్చి బడిలో ఉపాధ్యాయుడై, పిమ్మట గురుత్వము స్వీకరించెను. కార్ నికోబారీ భాషకు బైబిలు కొత్తనిబంధనను తెచ్చినవాడాయన. దీవి కుర్రలకు ఫుట్‌బాలు నేర్పినవాడును ఆయనయే యని చెప్పుదురు. జపానువారి కాలమున ఆయన కుమారుడు చంపబడెను. ఆయనయు మరణశిక్షకు గురియై, జపాను లొంగిపోవుటచే మాత్రము బ్రతికి బయటపడెను. 1950 జనవరిలో బిషప్పుగ అభిషిక్తుడైన ఈ పెద్దమనిషి రెండేండ్లకు లోక్‌సభ సభ్యుడయ్యెను. అనంతరము ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతోడను, 1975లో పద్మభూషణముతోడను గౌరవించెను. 1978లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

సత్పురుషుని ఎంపిక చేసిరనుటలో ఎవ్వరికిని భేదాభిప్రాయముండదు. కాని సత్పురుషుడగుట వేరు, ఒకనికి జవాబుదారియగుట వేరు. పోర్ట్ బ్లెయిరు వీథిలో కిరాణాకొట్టు పెట్టుకొన్న లోకల్ బార్న్ వర్తకుడు, వింబర్లీగంజ్‌లో వరి పండించు మాప్పిళ్ళ, కార్ నికోబారున పందులు మేపుకొను రైతు, వీరు మువ్వురికిని ఒక్కడే సభ్యుడు. వారిలో నెవ్వరికైనను ఆయన పని నచ్చకపోయినచో చేయదగినది యేమియు లేదు. ఆయనను నిలిపినది రాష్ట్రపతి, అనగా మంత్రివర్గము. ప్రభుత్వము చెప్పిన మంచివాడు ప్రభుత్వము నెట్లు నిలదీయును? ఇందొక మెలికయు గలదు. నియోగింపబడిన ఈ సభ్యునికి లోక్‌సభలో మాటాడుటకును, బిల్లులపై ఓటు వేయుటకును ఇతరులతో సమానముగనే హక్కుండెను. కాని రాజ్యాంగపు 54వ అధికరణము రాష్ట్రపతిని ఎన్నుకొను హక్కును ఎన్నికైన సభ్యులకే యిచ్చినందున, 1952, 1957, 1962 సంవత్సరముల రాష్ట్రపతి యెన్నికలలో అండమానునకు ఓటే లేదు. తన సభ్యుని ఎవరు నియోగించుచున్నారో ఆ రాష్ట్రపతి యెన్నికలోనే ఈ దీవులు పాల్గొనజాలకపోయెను.

రిచర్డ్‌సన్ తరువాత 1957లో లఛ్మన్ సింగ్, 1962లో నిరంజన్ లాల్ నియోగింపబడిరి. 1956 నవంబరు 1న ఏడవ రాజ్యాంగసవరణచే ఎ, బి, సి, డి భాగములు పోయి అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతమయ్యెను గాని, స్థానపు స్వభావము మారలేదు. మారినది ప్రజ. 1949 మొదలుకొని తూర్పు బెంగాలు శరణార్థులను ఓడలలో తెచ్చి, దక్షిణ, మధ్య, ఉత్తర అండమానులలో అడవి కొట్టించి, భూములిచ్చి నిలిపిరి. కేరళీయులు, తమిళులు, రాంచీవారు ఇతోధికముగ చేరిరి. మన శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీరములనుండి తెలుగువారును పొట్ట చేతబట్టుకొని ఓడలెక్కిరి. కొందరు రేవుకూలీలుగను, కొందరు వలలతోడను, మరికొందరు చిన్న కొలువులకును. నేడు దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమువ్వురు. పోర్ట్ బ్లెయిరు బజారులో ఉత్తరాంధ్ర యాస వినబడని గడియ యుండదు. 1951లో 30,971 అయిన జనసంఖ్య 1961కి 63,548 అయ్యెను. 1971 నాటికి 1,15,133. బెంగాలులోను, ఆంధ్రలోను, మలబారులోను 1952లో ఓటు వేసి వచ్చినవారు, ఈ రేవున దిగిన క్షణమున ఓటు లేనివారైరి. పుట్టిన నేల నెన్నడును వదలని లోకల్ బార్నునకు ఓటు లేకపోవుట ఎరుగని బాధ. వీరిది పోగొట్టుకొన్న బాధ. అడుగువారు పెరిగిరి.

1965లో పార్లమెంటు కేంద్రపాలిత ప్రాంతములలో లోక్‌సభకు ప్రత్యక్ష ఎన్నికలను విధించు చట్టము చేసెను. అండమాన్ నికోబారులతో బాటు లక్కదీవులు, దాద్రా నగర్ హవేలీలును దానివలన నియోగమునుండి విముక్తమయ్యెను. ఈశాన్య సరిహద్దు ప్రాంతమునకు, అనగా నేటి అరుణాచలమునకు, ఆ భాగ్యము 1977కు గాని కలుగలేదన్నచో, ఇచ్చుట కెంత వెనుకాడిరో తెలియుచున్నది. 1967 నాల్గవ సాధారణ ఎన్నికలలో అండమానుల ఓటరుల జాబితా పుట్టెను, పోలింగు కేంద్రములు పుట్టెను, పడవలలో పెట్టెలు వెళ్ళెను. కాంగ్రెసు అభ్యర్థి కె. ఆర్. గణేశ్ గెలిచెను. దీవుల ప్రజ తమ చేతితో ఢిల్లీకి పంపిన మొదటి సభ్యుడాయన. 1971లోను గెలిచి, ఇందిరాగాంధీ మంత్రివర్గమున ఆర్థికశాఖ సహాయమంత్రియు నయ్యెను. ఆ తరువాత 1977 నుండి మనోరంజన్ భక్త ఎనిమిదిమారులు గెలుచుట, నడుమ 1999లో బిష్ణుపద రాయ్ వచ్చుట, ఇవన్నియు ఇతర నియోజకవర్గముల కథల వంటివే.

అయితే ఆ ఒక్క ఓటే నేటికిని దీవుల సర్వస్వము. అండమానునకు శాసనసభ లేదు; రాజ్యసభలో స్థానము లేదు. దిగ్లీపూరునుండి క్యాంప్‌బెల్ బే వరకు నున్న జనులందరికిని చట్టసభలలో ఒక్కడే మనిషి. గ్రేట్ నికోబారు అడవులలోని షోంపెన్ తెగవారు ఏడుగురు 2024 ఎన్నికలలో మొదటిసారి ఓటు వేసిరన్న వార్త పత్రికలలో వచ్చినది. 1967లో తెరవబడిన జాబితా ఇంకను పూర్తికాలేదని దాని యర్థము. సెంటినెలీలు ఆ జాబితాలో లేరు, ఉండవలెనని వారడిగినదియు లేదు.

రాష్ట్రపతి యెన్నికలో దీవులకు ఓటు వచ్చుట కూడ గణేశ్ గెలుపుతోనే. 1967 మే నెలలో జాకీర్ హుస్సేను ఎన్నికయైనప్పుడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. అండమాను సభ్యునిదియు అంతియే. రెండేండ్లకే జాకీర్ హుస్సేను మరణించుటచే మరల ఎన్నిక తటస్థించెను. 1969 ఆగస్టు 16న జరిగిన ఆ పోలింగునాటికి కాంగ్రెసు రెండుగ చీలుటకు సిద్ధమై, అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని ప్రధానమంత్రియే పిలుపునిచ్చుటచే, దేశమంతయు ఒక్కొక్క సభ్యుని ఓటును లెక్కించుచుండెను. ప్రధాన ప్రత్యర్థులిద్దరును తెలుగువారే. ఒకరు అనంతపురమునకు చెందిన నీలం సంజీవరెడ్డి. రెండవవారు, ముప్పదియైదేండ్ల క్రిందట గంజాం విశాఖపట్టణం ముస్లిమేతర గ్రామీణ నియోజకవర్గమునుండి కేంద్ర శాసనసభకు వెళ్ళిన వి. వి. గిరి. రెండవ ప్రాధాన్యపు ఓట్లనుగూడ లెక్కించిన పిమ్మట గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 తేలెను.